సందె చొక్కా

పర్లాకిమిడిలో మా ఇల్లూ సబితా నానీ ఇల్లూ
ఒక్క గోడకి అటూ ఇటూ.
పెరడు ఒకటే, నుయ్యి ఒకటే.
బట్టలారేసే తీగ మాత్రం
మధ్యలో గుడ్డపీలిక ముడేసి
రెండు చేసుకున్నాం.

వాళ్ళ సగం ఎప్పుడూ ఖాళీ ఉండదు.
టుకునాకి బడినుంచి రాగానే ఒక జత,
గుణుపురం రైలు కూశాక
తులసికోట దగ్గర దీపం పెట్టేముందు ఇంకో జత,
పడుకునేప్పుడు మరొకటి.
ఒక్క గుంటడికి ఇన్ని చొక్కాలా అని
సబ్బు ఖరీదు లెక్కేసేదాన్ని.
సబ్బు వాళ్ళది, లెక్క నాది.

నేను పెరిగిన పాతపట్నం ఇంట్లో పిల్లలం ఆరుగురం.
పొద్దున నీళ్ళోసి తొడిగిన గౌను
మర్నాడు పొద్దుటిదాకా ఒంటిమీదే.
రెండోరోజు తిరగేసి తొడిగేది మా అమ్మ.
జేబు లోపలికి పోయేది,
జేబులో దాచిన చింతగింజలు తొడకి గుచ్చుకునేవి.
మురికి బట్టలో లేదే, చూసే కంట్లో ఉంది, అనేది.

మా అత్తది టెక్కలి. ఆవిడ చట్టం వేరు.
బడి బట్టలు గడప దాటకూడదు.
లోపల్నించి ఇంటి బట్టలు వచ్చేదాకా
మా పైడిరాజు వీధరుగుమీదే నిలబడి
దారేపోయే ఆటోలకి చెయ్యూపేవాడు.
సందె పడితే పిల్లల గుడ్డ ఒక్కటీ
తీగమీద ఉండటానికి లేదు.
తడిదైనా సరే లోపలికే.
వానాకాలమంతా మా వంటింట్లో
పోపు వాసన కొట్టే నిక్కర్లు.

నానీ వాళ్ళు గురువారం సబ్బు ముట్టరు.
మాకు అమావాస్య అడ్డు.
రెండూ కలిసొచ్చిన వారం
నుయ్యి కాస్త ఊపిరి పీల్చుకునేది.

శ్రావణంలో నానీకి నొప్పులొచ్చాయి.
బరంపురం పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే
జీపులోంచి తల బయటపెట్టి
"టుకునాకి..." అంది.
మిగతాది జీపు మోత మింగేసింది.
వీడేం తింటాడో, ఎక్కడ పడుకుంటాడో
అదే నా బెంగ.

ఆ సాయంత్రం రైలు కూసింది.
నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.
టుకునా ఆట మధ్యలో వదిలేసి వచ్చి
నా ముందు నిలబడ్డాడు.
గుండీలు తనే విప్పుకున్నాడు.
రెండు చేతులూ పైకెత్తాడు.

ఏడవలేదు, అడగలేదు.
చేతులెత్తి నిలబడ్డాడంతే,
వాళ్ళమ్మ మిగిల్చిన మాట
అదేనన్నట్టు.

చేట పక్కనపెట్టి లేచాను.
వాడి సంచీలో మూడంటే మూడే చొక్కాలు.
సందెకి తొడిగేది అన్నిట్లోకీ పాతది.
మెడ దగ్గర రెండుసార్లు కుట్టినది,
ఉతికి ఉతికి ఉల్లిపొరైనది.
ఇన్నాళ్ళూ నేను లెక్కేసింది
ఈ మూడింటినే
మళ్ళీ మళ్ళీ.

తొడిగి ఇటు తిరిగితే
పైడిరాజు. వాడూ చేతులెత్తి.
మా అత్త గడపమీంచి చూసింది,
ఏదో అనబోయింది,
పెట్టె తెరవడానికి లోపలికి పోయింది.

పదోరోజున నానీ వచ్చింది, చేతుల్లో ఆడపిల్ల.
ఇరవయ్యొకటోనాటిదాకా కొత్తగుడ్డ తగలనివ్వరట.
మాకూ అంతే.
నా నేతచీర మెత్తబడినది ఒకటి
చింపి ఇచ్చాను.

ఆ పీలికలు నేనే ఉతికాను.
పసిగుడ్డ మెలిపెట్టి పిండితే
బిడ్డ కడుపులో మెలిపెడుతుందని మా అమ్మ మాట.
నీళ్ళు కారుతుండగానే తీగమీద వేశాను,
ముడికి ఎటుపక్కో చూడకుండా.
నానీ వచ్చి చూసి నవ్వింది.
ఒడియాలో ఏదో గొణుక్కుంటూ
ఒక్కొక్కటే తీసి, గట్టిగా పిండి,
దులిపి మళ్ళీ ఆరేసింది.

నేను నోరెత్తలేదు.

ఆ రాత్రి గోడవతల పాప ఏడిస్తే
లేచి కూర్చున్నాను.
ఆకలి ఏడుపే అయ్యుంటుంది.